నొప్పి లేని చీము: కొలెస్టియటోమా గురించి తెలుసుకోవలసినది

చెవిపోటు వస్తే తెల్లవారేదాకా ఆగలేం. పోటు లేకుండా చీము కారితే మాత్రం దూది పెట్టుకుని ఏళ్లకేళ్లు గడిపేస్తాం. మన ఇళ్లలో ఈ అలవాటు ఎంత పాతుకుపోయిందంటే, చిన్నప్పటి నుంచీ కారే చెవిని జబ్బుగా కాక మనిషి స్వభావంగా చూస్తారు. ‘వాడికి ఆ చెవి ఎప్పుడూ అంతే’ అంటారు. కొలెస్టియటోమా అనే జబ్బుకు కావలసినంత సమయం ఇచ్చేది ఆ మాటే. ఇది క్యాన్సర్ కాదు, ఇతర అవయవాలకు పాకదు. కానీ ఎముకను తినేస్తుంది. తింటున్నంత కాలం నొప్పి పెద్దగా తెలియనివ్వదు.

జర్మన్ శాస్త్రవేత్త యొహానెస్ ముల్లర్ 1838లో దీనికి పేరు పెట్టాడు. అప్పటి నుంచి మూడు ప్రశ్నల మీద చర్చ నడుస్తూనే ఉంది. ఇది ఎందుకు పుడుతుంది? ఎలా పట్టుకోవాలి? ఏ ఆపరేషన్ మేలు? చివరి ప్రశ్న మీద జరిగినంత వాదన చెవి వైద్యంలో మరి దేని మీదా జరిగి ఉండదు. నా అభిప్రాయంలో మాత్రం ఆపరేషన్ పద్ధతి కంటే రెండు విషయాలు ఫలితాన్ని ఎక్కువగా తేలుస్తాయి. జబ్బును ఎంత ముందు గుర్తించామన్నది ఒకటి. ఆపరేషన్ తర్వాత ఆ చెవిని ఎన్నేళ్లు కనిపెట్టి చూశామన్నది రెండోది.

చెవి గొట్టంలోని చర్మానికి ఒంటిమీది మిగతా చర్మానికి లేని గుణం ఒకటుంది. అది నెమ్మదిగా కదులుతుంది. కర్ణభేరి నడిమి నుంచి అంచులకు, అంచుల నుంచి గొట్టం వెంట బయటికి, రోజుకు సుమారు మిల్లీమీటరులో పదో వంతు చొప్పున జరుగుతూ వస్తుంది. పైపొరలో చచ్చిన కణాలు, దుమ్ము, గులిమి అన్నీ ఆ కదలికతోనే బయటికి వస్తాయి. చెవిలో పిన్నీసులూ పుల్లలూ పెట్టి శుభ్రం చేయనక్కర్లేదని డాక్టర్లు చెప్పేది ఇందుకే. కర్ణభేరికి అవతల, మధ్య చెవిలో ఉండేది చర్మం కాదు, తడిగా ఉండే పలుచని శ్లేష్మపు పొర. బయటి చర్మం ఏదో ఒక దారిన ఆ లోపలి గదిలోకి చేరితే దాని గుణం మారదు. అక్కడా పొరలు రాలుస్తూనే ఉంటుంది. కాకపోతే రాలినదానికి బయటికి దారి ఉండదు. ఉల్లిగడ్డలో పొర మీద పొర ఉన్నట్టు, చచ్చిన చర్మం తెల్లగా పేరుకుని గడ్డ కడుతుంది. కొలెస్టియటోమా అంటే అదే.

చర్మం లోపలికి ఎలా చేరుతుందన్న దానికి ఒక్క సమాధానం లేదు. ఎక్కువమంది ఒప్పుకునేది గాలి ఒత్తిడి కథ. ముక్కు వెనక నుంచి మధ్య చెవికి యుస్టేషియన్ నాళం ఉంటుంది. మనం గుటక వేసినప్పుడల్లా అది తెరుచుకుని లోపలికి గాలి పంపుతుంది. అది సరిగా పనిచేయకపోతే మధ్య చెవిలో ఒత్తిడి తగ్గి, కర్ణభేరి లోపలికి పీక్కుపోతుంది. ముందుగా లొంగేది పైభాగంలోని వదులైన చిన్న తునక. అక్కడ సంచిలాంటి గుంట ఏర్పడుతుంది. గుంట లోతు తక్కువగా ఉన్నంత కాలం రాలిన చర్మం బయటికి వస్తూనే ఉంటుంది. లోతు పెరిగి మెడ ఇరుకైతే రావడం ఆగిపోతుంది. అసలు జబ్బు మొదలయ్యేది అక్కడ. కర్ణభేరికి పడిన చిల్లు అంచుల మీదుగా చర్మం లోపలికి పాకుతుందన్నది ఇంకో వాదం. చర్మపు అడుగు కణాలే లోపలికి మొలకెత్తుతాయని మరికొందరంటారు. ఇవి ఒకదాన్నొకటి కొట్టేసే వాదాలు కావు. ఒక్కో చెవిలో ఒక్కో దారి కావచ్చు. గ్రహణం మొర్రితో పుట్టినవాళ్లలో, ముఖ్యంగా అంగిలి చీలికతో పుట్టిన పిల్లల్లో, ఈ జబ్బు ఎక్కువగా కనిపించడం మొదటి కథకు బలమిస్తుంది. అంగిలి కండరాలే ఆ నాళాన్ని తెరిచేవి కాబట్టి.

పుట్టుకతో వచ్చేది వేరు. చిల్లు లేని, చీము ఎరగని కర్ణభేరి వెనక తెల్లటి ముత్యంలా కనబడుతుంది. పిండ దశలో కరిగిపోవలసిన చర్మకణాల ముద్ద మిగిలిపోవడం వల్ల ఇది వస్తుందని చాలామంది నమ్మకం. పిల్లల డాక్టరు జలుబు కోసం వచ్చిన బిడ్డ చెవిలోకి టార్చి వేసి చూస్తే దొరికే జబ్బు ఇది. చూడకపోతే చాలాకాలం దొరకదు.

గడ్డ పెరగడం ఒక్కటే అయితే ఇంత ప్రమాదం ఉండేది కాదు. దాని చుట్టూ ఉండే పొరలో ఎప్పుడూ వాపు ఉంటుంది, చచ్చిన చర్మంలో సూక్ష్మజీవులు తిష్ట వేస్తాయి. ఆ వాపు పంపే రసాయన సంకేతాలతో ఎముకను కరిగించే కణాలు మేల్కొంటాయి. ముందుగా పోయేది సాధారణంగా దాగలి పొడుగు కాడ. మధ్య చెవిలోని మూడు బుల్లి ఎముకల్లో (సుత్తి, దాగలి, అంకవన్నె) రక్తప్రసారం మరీ తక్కువగా ఉండే చోటు అదే. ఆ గొలుసు తెగితే వినికిడి పడిపోతుంది. తర్వాత ఏది పోతుందన్నది గడ్డ ఎటు పాకిందన్న దాని మీద ఆధారపడుతుంది. ఎటు పోయినా ఇరుగుపొరుగు ముఖ్యమైనవే. మధ్య చెవి గుండానే ముఖనాడి వెళ్తుంది. దాని చుట్టూ ఎముక పలుచన, చాలామందిలో పుట్టుకతోనే అక్కడక్కడా ఉండదు. ఆ నాడి దెబ్బతింటే మూతి వంకర పోతుంది. లోపలి చెవి అర్ధచక్రనాళానికి బెజ్జం పడితే కళ్లు తిరుగుతాయి, గదంతా గిర్రున తిరిగినట్టు ఉంటుంది. చెవి కప్పుకూ మెదడుకూ మధ్య ఉన్నది పలుచని ఎముక పలక. చెవి వెనక మెదడు నుంచి రక్తం దించే పెద్ద సిర ఉంటుంది. ఈ గోడలు కరిగితే మెదడు పొరల వాపు, మెదడులో చీముగడ్డ, సిరలో రక్తం గడ్డకట్టడం అన్నీ సాధ్యమే. యాంటీబయాటిక్స్ వచ్చాక ఇవి బాగా తగ్గాయి గానీ అంతరించలేదు. చెవిలో ఏళ్లుగా చీమున్న మనిషికి కొత్తగా తలనొప్పీ జ్వరమూ వాంతులూ మొదలైతే ఇవాళ్టికీ మొదట అనుమానించాల్సింది వీటినే.

ప్రసిద్ధ రచయిత ఆస్కార్ వైల్డ్ 1900 నవంబరు 30న పారిస్‌లో చనిపోయాడు. అంతకు కొన్ని వారాల ముందు, హోటల్ గదిలోనే ఆయన చెవికి శస్త్రచికిత్స జరిగింది. చెవిలోని పాత జబ్బు మెదడుకు పాకి ప్రాణం తీసిందనీ, అది కొలెస్టియటోమాయే కావచ్చనీ తర్వాతి కాలపు వైద్యులు కొందరు రాశారు. ఆయన తండ్రి విలియం వైల్డ్ డబ్లిన్‌లో పేరుమోసిన చెవి వైద్యుడు. 1853లో చెవి శస్త్రచికిత్స మీద పుస్తకం రాశాడు. చెవి వెనక చీముగడ్డను తెరిచే కోతకు ఆయన పేరే ఉంది. కారే చెవిని తేలిగ్గా తీసుకోవద్దని హెచ్చరించిన తొలి వైద్యుల్లో ఆయన ఒకడు.

ఎంతమందికి వస్తుంది? యూరప్ లెక్కల్లో ఏటా లక్ష మంది పెద్దల్లో తొమ్మిది నుంచి పన్నెండు మందికి, పిల్లల్లో అంతకంటే తక్కువమందికి కొత్తగా బయటపడుతుంది. మన దేశంలో చెవిలో దీర్ఘకాలం చీము కారే జబ్బే చాలా ఎక్కువ. 2004లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నివేదిక భారతదేశాన్ని నూటికి నలుగురి కంటే ఎక్కువమందికి అది ఉన్న దేశాల వరసలో పెట్టింది. కారే చెవులన్నీ కొలెస్టియటోమా కావు. అయినా కారే చెవులు ఎక్కువున్న చోట ఇదీ ఎక్కువ దాగుంటుంది, దాగడానికి అనువూ దొరుకుతుంది.

ఇక గుర్తించడం గురించి. రోగి చెప్పే కథలోనే సగం దొరుకుతుంది. చీము కొద్దిగానే వస్తుంది గానీ వాసన భరించలేనట్టుంటుంది. చాలామంది పిల్లలు బడిలో పక్కన కూర్చున్నవాళ్లు మూతి తిప్పుకోవడం వల్లే ఇంట్లో చెప్తారు. చుక్కల మందు వేస్తే తగ్గుతుంది, ఆపితే మళ్లీ వస్తుంది. వినికిడి మెల్లగా తగ్గుతుంది. కానీ ఇక్కడ ఒక మోసం ఉంది. బుల్లి ఎముకలు తెగిపోయిన చోట గడ్డే అడ్డంగా కూర్చుని శబ్దాన్ని దాటించవచ్చు. అలాంటి చెవికి పరీక్షలో వినికిడి బాగానే వస్తుంది. బాగా వినబడుతోంది కదా అని వదిలేయడానికి వీల్లేదు. ఈ సంగతి ఆపరేషన్‌కు ముందే ఇంట్లోవాళ్లకు చెప్పాలి. లేకపోతే గడ్డ తీసేశాక వినికిడి తగ్గితే డాక్టరే పాడుచేశాడనుకుంటారు.

అసలు పరీక్ష చెవిలోకి చూడటమే. అదీ మైక్రోస్కోప్‌తో, చీము పీల్చేసి, ఓపిగ్గా. కర్ణభేరి పైభాగంలో గోధుమరంగు పెచ్చు ఒకటి కనబడుతుంది. తొందరలో ఉన్న కంటికి అది గులిమిలా ఉంటుంది. సన్నని పీల్చుడు గొట్టంతో దాన్ని మెల్లగా లేపితే కింద గుంట, గుంటలో తెల్లగా మెరిసే పొరలు, పక్కన కొరికినట్టున్న ఎముక అంచు బయటపడతాయి. పైభాగంలో పెచ్చు కనిపిస్తే, కాదని తేలేదాకా అది కొలెస్టియటోమాయేనని చెవి వైద్యులు విద్యార్థులకు నేర్పుతారు. వైద్యబోధనలో ఇంత పనికొచ్చే సూత్రాలు తక్కువ. కొన్నిసార్లు గొట్టంలో ఎర్రటి కండ పెరిగి అంతా మూసేస్తుంది. దాన్ని పట్టుకుని లాగకూడదు, దాని వేరు ముఖనాడి మీదో అంకవన్నె మీదో ఉండవచ్చు.

కారే చెవులను మన వైద్య కళాశాలల్లో చాలాకాలం ‘ప్రమాదం లేనివి’, ‘ప్రమాదకరమైనవి’ అని రెండుగా చెప్పేవారు. కర్ణభేరి నడుమ చిల్లు ఉంటే మొదటి రకం, పైభాగంలోనో అంచునో ఉంటే రెండోది. పరీక్ష హాలుకు ఈ విభజన సుఖంగా ఉండేది గానీ ఓపీలో దాని వల్ల చేటు కూడా జరిగింది. ‘ప్రమాదం లేదు’ అన్న మాట విన్న రోగి మళ్లీ రాడు. ఇప్పుడు జబ్బు శ్లేష్మపు పొరదా, చర్మపు పొరదా అన్న దాన్ని బట్టి చెప్తున్నారు. ఇది మేలు.

సీటీ స్కాన్ ఎముక సంగతి చెప్తుంది. ఏ గోడ కరిగింది, ఏ ఎముక మిగిలింది, ముఖనాడి దారి ఎలా ఉంది, మెదడు పలక ఎంత దిగువన ఉంది అన్నవి తెలుస్తాయి. ఆపరేషన్‌కు అది దారిపటం. కానీ మధ్య చెవిలో కనిపించే నిండు మచ్చ గడ్డా, నీరా, ఉబ్బిన పొరా అన్నది సీటీ తేల్చలేదు. ఆ పని ఎమ్మారై చేస్తుంది. నీటి అణువుల కదలికను కొలిచే డిఫ్యూజన్ పద్ధతిలో కొలెస్టియటోమా తెల్లగా వెలుగుతుంది. అందులోనూ ‘నాన్ ఇపిఐ’ అనే రకం కావాలి. పాత రకంలో చెవి ఎముక దగ్గర బొమ్మ చెదిరిపోతుంది. కొత్త రకం రెండు మూడు మిల్లీమీటర్ల గడ్డను కూడా చాలావరకు పట్టేస్తుంది. అంతకంటే చిన్నది తప్పించుకోవచ్చు. నా దృష్టిలో ఈ జబ్బు వైద్యంలో గత రెండు దశాబ్దాల్లో వచ్చిన అతిపెద్ద మార్పు ఇదే. ఆపరేషన్ చేసిన చెవిలో ఏమైనా మిగిలిందా అని చూడ్డానికి ఒకప్పుడు ఏడాదికి మళ్లీ కోసి తెరిచేవారు. ఇప్పుడు చాలామందికి స్కాన్ సరిపోతోంది. స్కానింగ్ సెంటర్‌కు వెళ్లేముందు ఈ పద్ధతి అక్కడ ఉందో లేదో కనుక్కోవడం అవసరం. మామూలు మెదడు ఎమ్మారై చేయించుకుని వస్తే డబ్బు దండగ.

మందులతో ఇది పోదు. చుక్కల మందు చీమునూ వాసననూ తగ్గిస్తుంది, ఆపరేషన్‌కు ముందు చెవిని ఆరబెడుతుంది. అంతే. చిల్లున్న చెవిలో జెంటామైసిన్ లాంటి మందుల చుక్కలు లోపలి చెవికి హాని చేయగలవు కాబట్టి సిప్రోఫ్లాక్సాసిన్ లాంటివి వాడతారు. మందుల షాపులో అడిగి తెచ్చుకునే చుక్కలతో వచ్చే నష్టం ఇంకొకటుంది. చీము ఆగడంతో జబ్బు పోయిందనుకుంటారు, లోపల గడ్డ మాత్రం పెరుగుతూనే ఉంటుంది. వెల్లుల్లి కాచిన నూనె పోయడం గురించి ఒక్క మాట: చిల్లున్న చెవిలో ఏ నూనే పోయకూడదు. మత్తు తట్టుకోలేని వృద్ధులకు, వినిపించే చెవి అదొక్కటే ఉన్నవారికి మాత్రం కొన్నిసార్లు ఆపరేషన్ మానేసి, నెలల వ్యవధిలో మైక్రోస్కోప్ కింద శుభ్రం చేస్తూ నెట్టుకొస్తారు.

మిగిలినవారందరికీ ఆపరేషనే మార్గం. లక్ష్యాల వరస ముందే తేల్చుకోవాలి. మొదట చెవి ప్రమాదం లేకుండా ఉండాలి, తర్వాత పొడిగా ఉండాలి, ఆ తర్వాతే వినికిడి. రోగి కోరిక చాలాసార్లు దీనికి తలకిందులుగా ఉంటుంది.

చెవి వెనక ఎముకను తొలిచి చీము తీసే పద్ధతిని జర్మనీలో ష్వార్ట్సే 1873లో స్థిరపరిచాడు. ఆ శతాబ్దం చివరికి చెవి గొట్టం వెనక గోడను కూడా తీసేసి, మధ్య చెవినీ వెనక ఎముకనూ ఒకే పెద్ద గదిగా చేసే ఆపరేషన్ వచ్చింది. ప్రాణం నిలిచేది, వినికిడి మాత్రం పోయేది. 1910లో బొండీ వినికిడిని కాపాడే దారి చూపాడు. 1950లలో వుల్‌స్టీన్, జోల్నర్ కర్ణభేరిని తిరిగి కట్టడం మొదలుపెట్టారు. అదే దశకంలో జైస్ మైక్రోస్కోప్ వచ్చి చెవి శస్త్రచికిత్స రూపమే మార్చేసింది. తర్వాత గోడను తీయకుండానే దాని వెనక నుంచీ ముందు నుంచీ పనిచేసే పద్ధతి వచ్చింది. అప్పుడు రాజుకున్న వాదన ఇంకా ఆరలేదు.

గోడ ఉంచితే చెవి చెవిలాగే ఉంటుంది. స్నానానికి, ఈతకు, హియరింగ్ ఎయిడ్‌కు ఇబ్బంది ఉండదు. కానీ గోడ వెనక మూలలు కనిపించవు. వదిలేసిన ఒక చిన్న చర్మపు ముక్క మళ్లీ గడ్డ అవుతుంది, లేదా కర్ణభేరి మళ్లీ పీక్కుపోయి కొత్త గుంట పడుతుంది. గోడ తీసేస్తే అన్నీ కంటికి ఎదురుగా ఉంటాయి. కానీ మిగిలే పెద్ద గుల్ల తనంతట తాను శుభ్రపడదు. ఆరునెలలకో ఏడాదికో డాక్టరే శుభ్రం చేయాలి. చల్లటి నీళ్లు పడితే కళ్లు తిరుగుతాయి. 2013లో వచ్చిన ఒక సమీక్ష అప్పటిదాకా జరిగిన అధ్యయనాలను కలిపి చూసి, గోడ ఉంచిన చెవుల్లో జబ్బు మిగలడం, తిరగబెట్టడం దాదాపు మూడు రెట్లు ఎక్కువని లెక్క కట్టింది. ఈ అంకె చూసి గోడ తీసేయడమే మేలనుకుంటే పొరపాటు. పిల్లల చెవుల్లో, గాలి గదులు బాగా ఉన్న ఎముకల్లో తీసేస్తే మిగిలే గుల్ల మరీ పెద్దది. అది జీవితాంతం ఉంటుంది.

మధ్యేమార్గాలు పెరిగాయి. వెనక ఎముకలోని ఖాళీని ఎముక పొడితోనో కండతోనో పూడ్చేస్తే గుల్లా ఉండదు, కర్ణభేరి మళ్లీ పీక్కుపోవడానికి చోటూ ఉండదు. దీనితో జబ్బు తిరగబెట్టడం బాగా తగ్గిందని చాలా కేంద్రాలు చెప్తున్నాయి. అయితే పూడ్చినదాని కింద ఏమైనా మిగిలితే కంటికి కనబడదు కాబట్టి ఎమ్మారై తప్పనిసరి. 1990ల నుంచి ఎండోస్కోప్ చెవిలోకి వచ్చింది. మైక్రోస్కోప్ నేరుగా మాత్రమే చూస్తుంది. ఎండోస్కోప్ మూల తిరిగి చూస్తుంది. ముఖనాడి చాటున ఉండే సైనస్ టింపాని అనే గుంటలో దాగిన ముక్కలను అది పట్టిస్తుంది. ఒక చేయి ఎండోస్కోప్‌కే పోతుంది, రక్తం కారితే కష్టం. అయినా మధ్య చెవిని దాటని జబ్బుకు చెవి వెనక కోతే లేకుండా పని పూర్తవుతుంది.

ఈ ఆపరేషన్‌లో దగ్గర్నుంచి చూడదగ్గ ఘట్టం ముఖనాడి మీది పొరను తీయడం. గరుకు డ్రిల్ పక్కన పెట్టి వజ్రపు పొడి పూసిన నున్నని బుర్ర తీసుకుంటారు. వేడికి నాడి దెబ్బతినకుండా ఆగకుండా నీళ్లు పోస్తుంటారు. ఎముక పలుచబడే కొద్దీ అడుగున నాడి గులాబిరంగుతో తొంగిచూస్తుంది. అక్కడితో డ్రిల్ ఆగిపోతుంది. తర్వాత వంకర తిరిగిన సన్నని పనిముట్టుతో పొరను నాడి మీద నుంచి అంగుళంలో వందో వంతు కూడా చిరగకుండా ఒలవాలి. చిరిగితే తునక మిగులుతుంది, ఒత్తితే మూతి వంకర పోతుంది. అర్ధచక్రనాళపు బెజ్జం మీది పొరను చాలామంది ఆఖరున తీద్దామని ఉంచుతారు. తీసీ తీయగానే దాన్ని కప్పేయాలి, నాళం ఎంత తక్కువసేపు తెరిచి ఉంటే అంత మంచిది.

యూరప్, జపాన్ చెవి వైద్య సంఘాలు 2017లో కలిసి జబ్బుకు నాలుగు దశలు నిర్ణయించాయి. పుట్టిన చోటే ఉంటే మొదటిది, పక్క గదులకు పాకితే రెండోది, మూతి వంకర, కళ్లు తిరగడం లాంటి నష్టం వస్తే మూడోది, మెదడుకు చేరితే నాలుగోది. ఒక ఆసుపత్రి ఫలితాలను ఇంకో ఆసుపత్రితో పోల్చాలంటే ఇలాంటి కొలత కావాలి. ఇంతకాలం ఎవరి లెక్క వారిదే కావడం వల్లే గోడ వాదన తేలలేదు.

గోడ ఉంచాలా తీయాలా అన్నది మన దగ్గర చెవిని చూసి మాత్రమే నిర్ణయించేది కాదు. ఆ మనిషి మళ్లీ రాగలడా అన్నది కూడా అడగాలి. ఆదిలాబాద్ గూడెం నుంచో పాడేరు మన్యం నుంచో వచ్చిన రోగికి గోడ ఉంచి, ఏడాదికి ఎమ్మారై చేయించుకుని రమ్మని చెప్పి పంపితే ఎంతమంది వస్తారు? రానివారికి గోడ ఉంచడం మేలు చేయడం కాదు. అలాగని పేదవాడు రాడని ముందే తేల్చేసి అందరికీ గోడ తీసేయడమూ అన్యాయమే. దారిఖర్చుతో సహా తిరిగి రావడానికి ఏర్పాటు ఉంటే వారూ వస్తారు. ప్రభుత్వ ఆరోగ్య పథకం ఆరోగ్యశ్రీ 2007లో మొదలైనప్పటి నుంచి, ఇప్పటి రెండు తెలుగు రాష్ట్రాల్లో పేదలకు పెద్ద ఆపరేషన్లు అందుబాటులోకి వచ్చాయి. హైదరాబాద్ కోఠిలో, విశాఖలో చెవి ముక్కు గొంతుకే ప్రత్యేకించిన ప్రభుత్వ ఆసుపత్రులున్నాయి. చెవి ఆపరేషన్‌కు డబ్బు దొరకడం ఒకప్పటంత కష్టం కాదు. దొరకనిది దానికి ముందూ వెనకా ఉన్న కొనసాగింపు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో బడిపిల్లలకు చూడవలసిన జబ్బుల జాబితాలో మధ్య చెవి జబ్బు ఉంది. బడికి వచ్చే ఆ బృందం చెవిలోకి ఆటోస్కోప్‌తో చూసి, అనుమానం ఉన్న బిడ్డను జిల్లా ఆసుపత్రికి పంపి, వెళ్లిందో లేదో కనుక్కుంటే మొదటి దశలోనే చాలా జబ్బులు దొరుకుతాయి.

వినికిడి సంగతి తర్వాతి అధ్యాయం. దాగలి పోయి అంకవన్నె మిగిలితే టైటేనియం ముక్కతోనో, మలిచిన ఎముకతోనో గొలుసు కలుపుతారు. అంకవన్నె కూడా పోతే ఇంకా పొడుగు ముక్క కావాలి, ఫలితమూ అంత నమ్మకంగా ఉండదు. ఈ పని అదే ఆపరేషన్‌లో చేయవచ్చు, లేదా చెవి శుభ్రంగా ఉందని తేలాక ఏడాదికి చేయవచ్చు. అవేవీ కుదరనివారికి ఎముక ద్వారా శబ్దాన్ని పంపే యంత్రాలున్నాయి. ఆపరేషన్ తర్వాత కొన్నాళ్లు నాలుక ఒకపక్క రుచి మారవచ్చు, రుచి తెచ్చే సన్నని నాడి మధ్య చెవి గుండానే పోతుంది కాబట్టి. చాలామందికి కొన్ని నెలల్లో సర్దుకుంటుంది.

ఇంటికి వచ్చాక కొన్ని వారాలు చెవిలో నీళ్లు పడకూడదు. తలంటుకునేటప్పుడు వాజిలిన్ పూసిన దూది పెట్టుకోవాలి. ముక్కు గట్టిగా చీదకూడదు, తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మాలి. ఆ తర్వాత రావలసిన తేదీలు డిశ్చార్జి కాగితంలో రాసి ఉంటాయి. గోడ ఉంచినవారికి ఏడాది దాటాక ఎమ్మారై, మళ్లీ కొన్నేళ్లకు ఇంకొకటి. గుల్ల ఉన్నవారికి జీవితాంతం శుభ్రం చేయించుకోవడం. పిల్లలకు రెండో చెవిని కూడా ప్రతిసారీ చూడాలి. ఒక చెవిలో యుస్టేషియన్ నాళం పనిచేయనివారికి రెండోదానిలోనూ గుంట పడే అవకాశం ఉంది. ఆ గుంట లోతు తక్కువగా ఉన్నప్పుడే దొరికితే కర్ణభేరికి మృదులాస్థి తునక ఆసరాగా పెట్టి ఆపవచ్చు. ఎముకను తొలిచే ఆపరేషన్ అక్కర్లేకపోవచ్చు.